ఈ చిన్న గేమింగ్ మిషన్లకు బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో గాడ్జెట్ల పేజీని నేను వదలకుండా చదువుతాను. చేత్తో పట్టుకుని ఆడుకునే చిన్న గేమింగ్ మిషన్ల గురించి ఈ మధ్య ఆ పేజీలో తరచుగా వస్తోంది, సంతోషం. కానీ ఎప్పుడు చూసినా స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ప్రాసెసర్ ఏది, ధర ఎంత, ఇంతవరకే రాసి ఆపేస్తున్నారు. పెద్ద కంపెనీల మిషన్లకు అది సరిపోతుందేమో. కొద్దిమందే కొనే, కాస్త వింతగా ఉండే మిషన్లకు మాత్రం ఆ కొలత అస్సలు పనికిరాదు. వాటిని జనం ఎందుకు ఇష్టపడతారో స్క్రీన్ సైజులో కనపడదు. వాటితో వచ్చే అసలు ఇబ్బంది కూడా కొన్న రోజు కనపడదు, రెండు మూడేళ్లు పోయాక బయటపడుతుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, అయినా దయచేసి చివరిదాకా చదవండి.

నేను చర్లపల్లిలో సర్క్యూట్ బోర్డులు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. ఇలాంటి మిషన్లంటే నాకు చాలా ఇష్టం, కొన్ని ఇంట్లో ఉన్నాయి కూడా.

ప్లేడేట్ సంగతే తీసుకోండి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పానిక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ప్లేడేట్‌ను వాళ్లు 2019లో ప్రకటించారు, 2022 ఏప్రిల్‌లో జనం చేతికి వచ్చింది. అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ డబ్బా, బరువు వంద గ్రాములు కూడా ఉండదు. స్క్రీన్ 2.7 అంగుళాలు, అడ్డంగా 400 చుక్కలు, నిలువుగా 240. రంగులు రెండే, నలుపూ తెలుపూ, మధ్యలో బూడిద రంగు కూడా లేదు. పక్కన ఒక పిడి ఉంటుంది, పాత చేతి కుట్టుమిషన్ చక్రానికి ఉండే పిడిలాంటిది, వద్దనుకుంటే మడిచి లోపలికి పెట్టెయ్యొచ్చు. స్వీడన్‌లోని టీనేజ్ ఇంజినీరింగ్ అనే డిజైన్ సంస్థ ఆలోచన అది. ఆ పిడిని మొదటిసారి చూసినవాళ్లు చార్జింగ్ కోసం అనుకుంటారు, కానీ అది ఆడటానికే. కేటా టకహాషి చేసిన ఒక గేములో పిడి ముందుకు తిప్పితే బొమ్మ రోబో కాలం ముందుకు నడుస్తుంది, వెనక్కి తిప్పితే వెనక్కి నడుస్తుంది. వాడు ఒకమ్మాయిని కలవడానికి వెళ్తుంటాడు, ఎప్పుడూ ఆలస్యమే. దారిలో వచ్చే అడ్డంకులు మాత్రం మన పిడికి లొంగవు, వాటి కాలం వాటిదే, కాబట్టి మనవాణ్ణి సరిగ్గా వంగిన క్షణంలోనో కూర్చున్న క్షణంలోనో ఆపి, అడ్డంకి దాటిపోయాక మళ్లీ తిప్పాలి. ఈ ఆటను ఫోన్‌లో వేలితో గీకుతూ ఆడితే ఆ మజా రాదు. వేళ్లకు తెలిసే ఆ తిప్పడంలోనే ఆటంతా ఉంది.

ఇంకొకటి. ఆ మిషన్ కొంటే 24 గేములు దాంతోపాటే వచ్చేవి, కానీ అన్నీ ఒకేసారి ఇచ్చేవాళ్లు కాదు, వారానికి రెండు చొప్పున వచ్చేవి. ఏం వస్తాయో ముందు చెప్పరు. నాకు ఇది భలే నచ్చింది. ఇవాళ మన ఫోన్లలో ఆటలకు కొదవలేదు, ఏదీ పూర్తిగా ఆడం. వారానికి రెండే వస్తే, ఆ రెండూ నచ్చినా నచ్చకపోయినా కాసేపైనా ఆడి చూస్తాం. అందులో కొన్ని నిజంగా బాగాలేవు, కొన్ని నాకు అర్థమే కాలేదు, అయినా ఎవరో మనిషి కూర్చుని ఆలోచించి చేశాడని ప్రతిదాంట్లోనూ తెలుస్తుంది.

తక్కువ సరుకుతో ఎక్కువ ఆట పుట్టించడం ఈ రంగంలో పాత విద్యే. నింటెండోలో పనిచేసిన గున్‌పే యొకోయి అనే ఇంజినీరు దీనికి పెద్ద పేరు. కొత్త టెక్నాలజీ వెంట పడకుండా, అప్పటికే పాతబడి చౌకగా దొరికే భాగాలను ఎవరూ ఊహించని పనికి వాడాలి అనేది ఆయన పద్ధతి. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ మిషన్లు కాలిక్యులేటర్ స్క్రీన్ల మీద నడిచినవే. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కు రంగులు లేవు, నాలుగు ఛాయలే, వెనక లైటు కూడా లేదు. అదే ఏడాది అటారీ వాళ్లు లింక్స్ అని రంగుల స్క్రీన్‌తో, లైటుతో తెచ్చారు, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ వచ్చింది. ఆ రెండూ ఆరేసి పెన్సిల్ సెల్లు మింగి నాలుగైదు గంటల్లో చల్లబడిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో అంతకు ఎన్నో రెట్లు నడిచేది. చివరికి గేమ్ బాయ్, దాని తర్వాత వచ్చిన రంగుల మోడల్ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. యొకోయి ఆ తర్వాత నింటెండో వదిలి, బందాయ్ కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే మిషన్ రూపకల్పనలో చెయ్యి వేశారు, అది ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది, అడ్డంగానూ నిలువుగానూ పట్టుకుని ఆడొచ్చు. 1999లో అది అంగడికి వచ్చేసరికి ఆయన లేరు, 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ మిషన్ జపాన్ దాటి రాలేదు. ఇప్పటి చిన్న మిషన్లన్నీ ఆయన ఆలోచన నుంచి పుట్టినవేనని నేను నమ్ముతాను. మీ పేజీలో ఆయన పేరు ఒక్కసారీ కనపడకపోవడం నాకు బాధగా ఉంది.

పిల్లల విషయం కూడా చెప్పాలి. మా అన్నయ్య కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు, ఎనిమిదో తరగతి. ఫోన్‌లో గేము మొదలెడితే ప్రతి లెవెల్‌కీ ఒక యాడ్, ప్రాణాలు అయిపోతే కాయిన్లు కొనుక్కో అంటుంది, కాసేపు ఆడకపోతే నోటిఫికేషన్ పంపి పిలుస్తుంది. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది, మంచిదే. కానీ ఈ కాయిన్లు, ఈ యాడ్ల వల బెట్టింగ్ కిందికి రాదు కాబట్టి అలాగే ఉంది. వాడు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పసుపుపచ్చ డబ్బా తీసుకుంటాడు. అందులో వాణ్ణి పట్టి లాగేది ఏదీ లేదు. బోర్ కొడితే పక్కన పెట్టేసి, "అత్తా, ఆకలేస్తోంది" అంటూ వంటింట్లోకి వస్తాడు. ఆట అంటే అలా వదిలి లేవగలిగేదిగా ఉండాలి. స్క్రీన్ టైమ్ గురించి టెన్షన్ పడే తల్లిదండ్రులకు మీరు రాసే సలహాల్లో ఇది ఒక్కసారీ రాలేదు. స్క్రీన్‌లు అన్నీ ఒకటి కాదండీ.

ఇప్పుడు లోటుపాట్లు. ఇష్టం ఉంది కదా అని దాచిపెట్టను.

ధర మొదటిది. ప్లేడేట్ 179 డాలర్లకు మొదలై మరుసటి ఏడాదే 199 అయింది. ఆ 199 డాలర్లంటే ఇప్పుడు పదిహేడు వేల రూపాయల పైమాట, దానికి షిప్పింగ్, కస్టమ్స్ అదనం. రెండు రంగుల స్క్రీన్‌కు అంత పెట్టడం మన మధ్యతరగతి ఇళ్లలో మామూలు విషయం కాదు. తక్కువ మందికి చేసే వస్తువుకు ఆ ధర తప్పదని నాకు తెలుసు, లక్షల్లో ఆర్డరిస్తే దొరికే రేటుకు వేలల్లో ఆర్డరిస్తే భాగాలు దొరకవు. కారణం ఏదైనా జేబులోంచి పోయేది మాత్రం అంతే.

లైటు రెండోది. ఆ స్క్రీన్‌కు సొంత వెలుతురు లేదు, బయటి వెలుతురుతోనే కనపడుతుంది. పగలు మెట్రోలో కిటికీ పక్కన నిలబడితే ఫోన్ కంటే బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎండ ఎంత ఉంటే అంత మంచిది. రాత్రి మంచం మీద ట్యూబ్‌లైటు ఆర్పేస్తే ఇక పక్కన పెట్టెయ్యడమే. రద్దీగా ఉన్న బస్సులో పిడి తిప్పడానికి మోచెయ్యి కదలదు. బొటనవేళ్లు నొప్పులున్నవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు ఆ చిన్న బటన్లు, చిన్న అక్షరాలు కష్టమే. ఇవన్నీ కొనేముందు చెప్పాల్సిన మాటలు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం వీటి ఆయుష్షు. ఇలాంటి మిషన్లన్నీ ఒక చిన్న కంపెనీ ఓపిక మీద, ఒక చిన్న బ్యాటరీ మీద బతుకుతాయి. ప్లేడేట్ జనం చేతికి రాకముందే ఇది బయటపడింది. 2021 చివర్లో మొదట తయారైన 5,000 మిషన్లలో కొన్నింటిని పరీక్షించి చూస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, మళ్లీ ఎక్కని స్థితికి వచ్చినవి కనిపించాయి. కంపెనీ ఆ 5,000 మిషన్లకూ బ్యాటరీలు మార్చింది, విడుదల వాయిదా వేసింది, ఆ విషయం దాచకుండా చెప్పింది కూడా. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. కానీ లిథియం బ్యాటరీ గుణం అంతే, వాడకుండా నెలల తరబడి అల్మారాలో పడేస్తే అడుగంటిపోతుంది, ఏప్రిల్, మే ఎండల్లో కారులో వదిలేస్తే ఉబ్బుతుంది. ఇలాంటి మిషన్లు కొన్నవాళ్లు చాలామంది కొన్నాళ్లు ఆడి అల్మారాలోనే పెడతారు.

వింత ఆకారం ఒక్కటే సరిపోదని నోకియా ఎన్-గేజ్ చూపించింది. 2003లో వచ్చింది, మన దేశంలోనూ అమ్మారు. ఫోనూ గేమింగ్ మిషనూ ఒకటే, వినడానికి ఎంత బాగుంది! తీరా చూస్తే గేము కార్డు మార్చాలంటే వెనక మూత తీసి బ్యాటరీ ఊడదియ్యాలి, ఫోన్ మాట్లాడాలంటే అంచు చెవికి ఆనించి పక్కకు పట్టుకోవాలి. చేసినవాళ్లలో ఎవరైనా ఒక రోజంతా దాన్ని వాడి చూశారా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ప్లేడేట్‌లో పిడి ఆట కోసం పుట్టింది కాబట్టి ఆ వింత నిలబడింది.

పెద్ద కంపెనీ అయితే భద్రం అనుకోకండి. నింటెండో తన 3డీఎస్ మిషన్ ఆన్‌లైన్ అంగడిని 2023 మార్చిలో మూసేసింది, కార్డు రూపంలో రాకుండా అందులో మాత్రమే దొరికే గేములు ఇక కొనడానికి లేవు. సోనీ కూడా 2021లో వీటా మిషన్ అంగడిని మూసేస్తామని చెప్పి, ఆడేవాళ్లు గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. ఇంతటి కంపెనీలే ఇలా చేస్తే, పాతిక ముప్ఫై మంది పనిచేసే చోట గేములు పంపే సర్వర్ ఎన్నేళ్లు నడుస్తుందో అడగడం కొనేవాడి హక్కు. అడగమని మీరు చెప్పాలి.

ఇక ఇప్పుడు అందరూ కొంటున్న చౌక చైనా మిషన్లు. గేమ్ బాయ్ ఆకారంలో ఉంటాయి, నాలుగైదు వేలకు వస్తాయి, మెమరీ కార్డులో వేల గేములు నింపి ఇస్తారు. తొంభైల్లో నాంపల్లి నుమాయిష్‌లోనూ కోఠి ఫుట్‌పాత్ మీదా దొరికిన బ్రిక్ గేము గుర్తుందా, పైన "9999 ఇన్ 1" అని ఉండేది, లోపల ఉన్నవి నాలుగైదు ఆటలే, మిగతావన్నీ వాటి వేగాలూ లెవెళ్లూ. ఈ కార్డుల్లో గేములు నిజంగానే వేలల్లో ఉంటాయి, కాకపోతే హక్కుదారుకు పైసా ఇవ్వకుండా కాపీ కొట్టినవి. మిషన్ తయారీలో తప్పులేదు, చాలావాటి స్క్రీన్, బటన్లు ఆ ధరకు ఆశ్చర్యపోయేంత బాగుంటాయి. కార్డు సంగతే నాకు నచ్చదు. పైగా ఆ నాసిరకం కార్డు ఎప్పుడు పోతుందో తెలియదు. మా ఇంట్లో ఉన్నదాంట్లో మొదట కార్డు పోయింది, తర్వాత బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. అమ్మిన షాపుకు వెళితే కొత్తది తీసుకోండి మేడమ్ అన్నారు, అంతకుమించి వాళ్ల దగ్గర జవాబు లేదు.

దాన్ని ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి మిషన్ ఆయన ఎప్పుడూ చూడలేదు. అయినా మూత తీసి, బ్యాటరీ మీద ఉన్న అంకె చూశారు. ఇది మీ పాఠకులకు తప్పకుండా చెప్పాలి. చాలా లిథియం పాలిమర్ బ్యాటరీల మీద ఆరు అంకెలుంటాయి, ఉదాహరణకు 503450 అని ఉంటే మందం 5.0 మిల్లీమీటర్లు, వెడల్పు 34, పొడవు 50 అని అర్థం. ఆ కొలతకు సరిపోయేది, అదే వోల్టేజీది, చార్జింగ్ మరీ ఎక్కకుండా, మరీ దిగిపోకుండా కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్ లోపల ఉన్నది దొరికితే కంపెనీ పేరుతో పని లేదు. ఒక్క జాగ్రత్త, కనెక్టర్ ఒకేలా ఉన్నా ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారుగా ఉండొచ్చు, మీటర్ పెట్టి చూడకుండా తగిలిస్తే బోర్డే పోతుంది. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, ఒత్తకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఆయన మరో బ్యాటరీ సంపాదించి పెట్టారు, మిషన్ ఇప్పటికీ నడుస్తోంది. ఆయన లాంటివాళ్లు ఈ ఊళ్లో ఉండబట్టే నాకు ఈ వింత మిషన్ల మీద ఆశ ఉంది. మీ రివ్యూల్లో వాళ్లకు చోటు లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆర్డుబాయ్. క్రెడిట్ కార్డు సైజులో ఉంటుంది, స్క్రీన్ 128 చుక్కలకు 64, ప్రోగ్రాము పెట్టుకోవడానికి 32 కిలోబైట్ల చోటు, పనిచేసేటప్పుడు వాడుకోవడానికి రెండున్నర కిలోబైట్లు. ఇందులో ముఖ్యం ఏమిటంటే దాని సర్క్యూట్ అందరికీ తెరిచి పెట్టారు. అదే తరహా చిప్, చిన్న ఓఎల్ఈడీ స్క్రీన్, ఆరు బటన్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, సోల్డరింగ్ వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి తనే ఒకటి తయారుచేసుకోవచ్చు. రేపు కంపెనీ తయారీ ఆపేసినా మిషన్ చావదు. ప్లేడేట్‌కు కూడా గేములు రాసే సాధనాలు ఉచితమే, కంప్యూటర్‌లోనే ఆడి చూసే సిమ్యులేటర్ ఇస్తారు, అంటే పదిహేడు వేలు పెట్టకుండానే దానికి గేము రాయడం నేర్చుకోవచ్చు. ప్రోగ్రామింగ్ రానివాళ్లకు పల్ప్ అని బ్రౌజర్‌లో నడిచే సాధనం కూడా ఉంది. ప్రపంచమంతా తెలిసిన గేములు చేసిన లూకాస్ పోప్ కూడా 2024లో ఈ నలుపు తెలుపు డబ్బా కోసం ఒక కొత్త గేము చేశారు. అంత పేరున్న మనిషి ఎంచుకున్న చోటులోనే మన మొదటి సంవత్సరం విద్యార్థి కూడా గేము రాయగలడు, పెద్ద మిషన్ల విషయంలో ఇది ఊహకే అందదు.

ఆర్డుబాయ్ కోసం తెలుగులో గేము రాద్దామని మా అన్నయ్య కొడుకు పట్టుబట్టాడు. అక్కడ మాకు అసలు పని పడింది. 64 చుక్కల ఎత్తులో ఇంగ్లీషు అయితే ఎనిమిది వరసలు హాయిగా పడతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తు కింద ఒత్తు. "స్త్రీ" అని రాయాలంటే ఎనిమిది చుక్కల్లో కాదు, పదహారులో కూడా ఇరుకే. వాటిని కలిపి చూపించే ఏర్పాటు అంత చిన్న చిప్‌లో ఉండదు, ప్రతి అక్షరాన్నీ బొమ్మగా గీసి పెట్టుకోవాలి, గుణింతాలన్నీ గీస్తే 32 కిలోబైట్లలో ఆటకు చోటు తగ్గిపోతుంది. అందుకని మేము ఆ ఆటకు కావలసిన మాటలకే అక్షరాలు గీశాం. "గెలిచావు" అన్న మాట ఆ బుల్లి స్క్రీన్ మీద మొదటిసారి కనపడగానే వాడు వంటగదిలో ఉన్న వాళ్ల నానమ్మ దగ్గరికి తీసుకుని పరిగెత్తాడు. చిన్న స్క్రీన్లకు పనికొచ్చే తెలుగు అక్షరాలు ఎవరైనా గీసి అందరికీ ఇస్తే ఎంత బాగుంటుందో. రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, నమూనా యంత్రాలు తయారుచేసుకోవడానికి అన్ని మిషన్లూ అక్కడ ఉన్నాయి, ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలకు లెక్కే లేదు. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనుక్కునే బదులు, మొదటి ఏడాదే ఇలాంటి ఒక బుల్లి మిషన్ సొంతంగా కట్టి, దానికి ఒక తెలుగు గేము రాయమని చెప్పే కాలేజీ గురించి మీరు రాస్తే నేను ఆ పేజీ కత్తిరించి దాచుకుంటాను.

చివరగా మీ రివ్యూల గురించి కోరేది ఇది. ఇక మీద ఇలాంటి ఏ మిషన్ గురించి రాసినా నాలుగు సంగతులు చేర్చండి. మూత మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడుతుందా లేక గమ్ముతో అతికించారా, బ్యాటరీ కొలత ఎంత, కంపెనీ సర్వర్ లేకపోయినా కొన్న గేములు నడుస్తాయా, సొంతంగా గేము పెట్టుకోనిస్తుందా. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాడే మార్చుకునేలా ఉండాలని నిబంధన వస్తోంది. మన దగ్గర కేంద్రం 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, ఫోన్లూ టీవీలూ చేసే కంపెనీలను అందులో చేర్చింది, ఈ చిన్న మిషన్ల గురించి అడిగేవాళ్లు లేరు. మీలాంటి పెద్ద పత్రిక అడిగితే వినిపిస్తుంది. జగదీశ్ మార్కెట్లోనూ గుజరాతీ గల్లీలోనూ ఎవరు ఏ భాగం పెడతారో, ఏ బ్యాటరీ దేనికి సరిపోతుందో నేను రాసి పెట్టుకున్న వివరాలు ఉన్నాయి, మీ విలేకరిని ఎవరినైనా పంపితే అన్నీ ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మౌలాలి, హైదరాబాద్